వారం వారం వచ్చే జీకే ప్రశ్నలకి గూగుల్ చెయ్యకుండా జవాబులు రాయడం ఎలా

ఆదివారం రాత్రి తొమ్మిదయ్యేసరికి మా ఇంట్లో అందరి ఫోన్లూ ఒకేసారి టింగ్ మంటాయి. ముప్ఫై ఏళ్ళు బళ్ళో సోషల్ చెప్పి రిటైరైన మా బాబాయ్ ఫ్యామిలీ గ్రూపులో పది జీకే ప్రశ్నలు పెట్టే టైమ్ అది. బుధవారం రాత్రి దాకా గడువు, జవాబులు గ్రూపులో పెట్టకూడదు, ఆయనకి విడిగా పంపాలి, గురువారం పొద్దున కాఫీ టైముకి జవాబులూ మార్కులూ వచ్చేస్తాయి. ప్రైజులు ఏమీ లేవు. డాలస్‌లో ఉన్న మా అన్నయ్యకి అప్పుడు ఆదివారం పొద్దున కాబట్టి వాడు టిఫిన్ తింటూ చూస్తాడు, మేం పడుకునే ముందు చూస్తాం.

మొదలెట్టిన కొత్తలో ఇది మూడు వారాలకే ఆగిపోయేదే. ఎందుకంటే అందరం ప్రశ్న కాపీ చేసి గూగుల్‌లో పడెయ్యడం, పది నిమిషాల్లో పదికి పది పంపెయ్యడం, అందరికీ పదికి పది వచ్చాక ఇంక మాట్లాడుకోడానికి ఏముంటుంది చెప్పండి, గురువారం పొద్దున నాలుగు దండాల ఎమోజీలు పెట్టి ఊరుకునేవాళ్ళం. నాలుగో వారం బాబాయ్ ఒక్క రూల్ పెట్టాడు. ప్రతి జవాబు పక్కన అది ఎలా తట్టిందో ఒక లైన్ రాయాలి, జవాబు తప్పైనా ఆ లైన్ బాగుంటే అర మార్కు. అంతే, ఆట మొత్తం మారిపోయింది. ఆ ఒక్క లైన్ రాయడం కోసం మేం నేర్చుకున్నవన్నీ ఇక్కడ వరసగా చెప్తాను, మీ ఇంట్లోనో ఆఫీసులోనో అపార్ట్‌మెంట్ గ్రూపులోనో మొదలుపెట్టుకోడానికి పనికొస్తుంది.

1. ముందు ఆట సెట్ చేసుకోండి

ఐదారుగురు చాలు. యాభై మంది గ్రూపులో పెడితే జవాబులు దిద్దేవాడి ప్రాణం పోతుంది. రోజు ఒకటే పెట్టుకోండి, టైమ్ ఒకటే పెట్టుకోండి, అది మాత్రం మార్చకండి, ఒకసారి సోమవారం ఒకసారి శుక్రవారం అంటే మూడో వారానికి అందరూ మర్చిపోతారు. పది ప్రశ్నలు దాటొద్దు. జవాబులు ఎప్పుడూ ప్రశ్నలు పెట్టినవాళ్ళకి విడిగా వెళ్ళాలి, ఎవరో ఒకరు గ్రూపులో జవాబు పెట్టేస్తే మిగతావాళ్ళ వారం మొత్తం పాడైపోతుంది, మా ఇంట్లో అలా పెట్టినవాళ్ళే వచ్చే వారం ప్రశ్నలు తయారు చెయ్యాలి.

వారానికోసారి ప్రశ్నలు అడుక్కోవడం అనేది కొత్త సరదా ఏం కాదు. హైదరాబాద్‌లో కె-సర్కిల్ అనే క్విజ్ క్లబ్ 1972 నుంచీ నడుస్తోంది, వాట్సాప్ కాదుగదా చాలా ఇళ్ళలో ఫోనే లేని రోజులు అవి. క్విజ్ ఆడేవాళ్ళు వాడే ఒక మాట మాత్రం మీరు పట్టుకోండి, వర్కౌట్. ప్రశ్నకి జవాబు మనకి ముందే తెలియకపోయినా ప్రశ్నలో ఉన్న ముక్కల్ని పట్టుకుని లాగితే వచ్చే జవాబుని అలా అంటారు. బాబాయ్ అడిగే ఒక లైన్ అదే.

2. ప్రశ్నని రెండుసార్లు చదవండి, రెండోసారి మెల్లగా

సగం తప్పులు తెలియక రావు, సరిగ్గా చదవక వస్తాయి. మా గ్రూపులో బాబాయ్ ఆ రూల్ పెట్టిన రెండో వారంలోనే వచ్చిన ప్రశ్న: ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి ఎవరు? ఏడుగురిలో నలుగురం నీలం సంజీవరెడ్డి అని రాశాం. ఆయన ఆంధ్రప్రదేశ్‌కి మొదటి ముఖ్యమంత్రి, అంటే 1956 నవంబరు 1 తర్వాత. ఆంధ్ర రాష్ట్రం వేరు, అది 1953 అక్టోబరు 1న మద్రాసు రాష్ట్రం నుంచి విడిపోయి కర్నూలు రాజధానిగా ఏర్పడింది, దానికి మొదటి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు. ఇక హైదరాబాద్ రాష్ట్రానికి ఎన్నికైన మొదటి ముఖ్యమంత్రి అని అడిగితే 1952 ఎన్నికల తర్వాత వచ్చిన బూర్గుల రామకృష్ణారావు, తెలంగాణ అంటే 2014 జూన్ 2 నుంచి కేసీఆర్. నాలుగు పేర్లూ నలుగురికీ తెలుసు, కానీ ప్రశ్నలో ఉన్న ఆ ఒక్క మాట మీద కన్ను ఆగలేదు.

ఇంకోటి చూడండి. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఎవరు అంటే చిన్నపిల్లలందరూ టక్కున సింధు అంటారు. కరణం మల్లీశ్వరి, మన శ్రీకాకుళం జిల్లా అమ్మాయి, 2000 సిడ్నీలో వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం తెచ్చింది. సింధు 2016 రియోలో తెచ్చింది వెండి, కాబట్టి వెండి గెలిచిన తొలి భారతీయ మహిళ అని అడిగితే సింధు. ప్రశ్నలో పతకం ఉందా వెండి ఉందా అన్నదే తేడా. అందుకే నేను ఏం చేస్తానంటే ప్రశ్నని కాగితం మీద ఎత్తి రాసుకుని తొలి, ఏకైక, అతి పెద్ద, ప్రస్తుతం లాంటి మాటల కింద గీత గీసుకుంటాను. ఫోన్‌లో చదివితే కన్ను జారిపోతుంది, చేత్తో రాస్తే జారదు, ఇది నిజంగా పనిచేస్తుంది, ఒక్క వారం చేసి చూడండి.

3. ఫోన్ పక్కన పెట్టి పదింటికీ ఏదో ఒకటి రాసెయ్యండి

ఖాళీ వదలొద్దు. పక్కా తెలిసినవాటికి టిక్కు పెట్టుకోండి, సగం తెలిసినవాటి పక్కన చుక్క పెట్టుకోండి, అసలు తెలియనివాటికి కూడా ఊహించి రాయండి. తప్పో ఒప్పో ముందు మీది అని ఒక జవాబు ఉండాలి. ఎందుకంటే మనం ఒక జవాబు రాసి అది తప్పని తేలితే అసలు జవాబు జన్మలో మర్చిపోం, ఏమీ రాయకుండా చూసుకున్న జవాబు మర్నాటికే ఎగిరిపోతుంది. సంజీవరెడ్డి అని తప్పు రాసిన నలుగురిలో ఒక్కరు కూడా మళ్ళీ ఆ ప్రశ్న తప్పలేదు.

4. తెలియని ప్రశ్నని తవ్వడం

ఇదీ అసలు పని, మూడు రోజుల గడువు ఇచ్చింది దీనికోసమే. గిన్నెలు కడిగేటప్పుడూ బస్సులో నిలబడ్డప్పుడూ ఆ చుక్క పెట్టిన ప్రశ్నలు మనసులో తిప్పుతుండండి.

ఒక ప్రశ్నని మేం ఎలా విప్పామో మొత్తం చెప్తాను. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినం అంటారు, దానికి కారణమైన సంఘటన ఏ ఊళ్ళో జరిగింది? మొదట చూసినప్పుడు ఎవరికీ ఏం తెలీదు. మా మేనకోడలు తొమ్మిదో క్లాసు, అది ఇలా పోయింది: దోమ అంటే మలేరియా, మలేరియా దోమ వల్ల వస్తుందని కనిపెట్టింది రోనాల్డ్ రాస్ అని సైన్సు పుస్తకంలో ఉంది, ఆయన బ్రిటిష్ వాళ్ళ సైన్యంలో డాక్టరు, సైన్యం డాక్టరంటే కంటోన్మెంట్‌లో ఉండాలి, కంటోన్మెంట్ అంటే మనకి తెలిసింది సికింద్రాబాద్. అంతే రాసేసింది. కరెక్టే! 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లోనే ఆయన దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు, 1902లో నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆ బిల్డింగ్ ఇప్పటికీ ఉంది. దాని ముందు నుంచి నేను ఎన్నిసార్లు వెళ్ళుంటానో, ఆ పిల్ల రాసిన లైన్ చదివాకే ఒకరోజు ఆగి చూశాను.

గమనించారా, దానికి జవాబు తెలీదు, జవాబుకి వెళ్ళే మెట్లు తెలుసు. ప్రతి మెట్టూ బళ్ళో చదువుకున్నదే.

మెట్లు ఎక్కడెక్కడ దొరుకుతాయంటే, అన్నిటికన్నా ఎక్కువ మాటల్లో దొరుకుతాయి. దక్షిణ అమెరికాలో ఒక దేశం పేరు లాటిన్‌లో వెండి అనే మాట నుంచి వచ్చింది, ఏ దేశం అన్నారు. వెండికి కెమిస్ట్రీలో గుర్తు ఏజీ, అది అర్జెంటమ్ అనే లాటిన్ మాటకి పొట్టి రూపం అని ఇంటర్‌లో బట్టీ పట్టాం కదా, అర్జెంటమ్, అర్జెంటీనా, అయిపోయింది. అలాగే అక్టోబర్ అంటే ఎనిమిది అని అర్థం అయినప్పుడు అది పదో నెల ఎందుకయింది అని అడిగారు. ఆక్టోపస్‌కి ఎనిమిది చేతులు, సెప్ట్ అంటే ఏడు, డిసెం అంటే పది, డెసిమల్‌లో ఉన్నది అదే. మరి డిసెంబరు పదో నెల కావాలంటే లెక్క మార్చి నుంచి మొదలెట్టాలి. పాత రోమన్ క్యాలెండర్ మార్చితోనే మొదలయ్యేది, జనవరి ఫిబ్రవరి తర్వాత వచ్చి చేరాయి. ఇది చదివి కాదు, వేళ్ళ మీద లెక్కపెట్టి మా అత్తయ్య చెప్పింది.

తెలుగు మాటల్లో అయితే ఇంకా బాగా దొరుకుతాయి. ఒకసారి వచ్చిన ప్రశ్న: శ్రీకృష్ణదేవరాయలు పుట్టేనాటికి మన దేశంలో లేనిది ఏది, వంకాయా మిరియాలా మిరపకాయా పసుపా? మా పిన్ని పోపు వేస్తూ వర్కౌట్ చేసింది. మిరపకాయ అనే పేరులోనే మిరియం వినిపిస్తోంది, అంటే మిరియం మనకి ముందే ఉంది, ఆ కారం లాంటి కారంతో కొత్తగా ఒక కాయ వస్తే పాతదాని పేరే దానికి పెట్టారు, కాబట్టి కొత్తది మిరపకాయ. నేనేమో ఏళ్ళ లెక్కలో వచ్చాను, మిరపకాయ పుట్టిల్లు అమెరికా ఖండం, కొలంబస్ అక్కడికి చేరింది 1492లో, వాస్కోడగామా కాలికట్ వచ్చింది 1498లో, రాయలు అంతకన్నా ముందే పుట్టాడు. పోర్చుగీసు వాళ్ళు తెచ్చాకే మనకి మిరప. ఇద్దరి జవాబూ ఒకటే, బాబాయ్ మాత్రం పిన్ని లైన్‌కి ఎక్కువ మెచ్చుకున్నాడు, నాకూ అదే నచ్చింది, గుంటూరు కారం తిని పెరిగినవాళ్ళకి మిరపకాయ బయటనుంచి వచ్చిందంటే నమ్మబుద్ధి కాదు కానీ మాటలోనే సాక్ష్యం ఉంది.

సంవత్సరాలు అడిగితే భయపడకండి, చాలా సంవత్సరాలు కూడా వర్కౌట్ అవుతాయి. చార్మినార్ ఎప్పుడు కట్టారు అని అడిగి, ముస్లింల హిజ్రీ క్యాలెండర్ ప్రకారం వెయ్యో సంవత్సరంలో అని ఒక క్లూ ఇచ్చాడు బాబాయ్. అన్నయ్య డాలస్ నుంచి పంపిన లైన్ ఇది, దాచుకున్నాను. హిజ్రీ మొదలైంది 622లో. అది చంద్రుణ్ణి బట్టి పోయే లెక్క కాబట్టి ఏడాదికి 354 రోజులే, మనకన్నా 11 రోజులు తక్కువ. వెయ్యేళ్ళకి 11 వేల రోజులు తగ్గుతాయి, అంటే దాదాపు ముప్ఫై ఏళ్ళు. వెయ్యిలోంచి ముప్ఫై తీస్తే 970, దానికి 622 కలిపితే 1592. మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినార్ కట్టించింది 1591లో. ఒక్క ఏడాది తేడా! చరిత్ర పుస్తకం తెరవకుండా కూడికా తీసివేతా చేసి నాలుగొందల ఏళ్ళ వెనక్కి వెళ్ళి ఒక్క ఏడాది తేడాలో దిగాడు, దానికి అర కాదు పూర్తి మార్కు ఇచ్చాడు బాబాయ్.

మీకు పక్కా తెలిసిన తేదీలు ఒక పదిహేను ఇరవై ఉంచుకోండి చాలు, మేకులు కొట్టినట్టు. 1498, 1591, 1757 ప్లాసీ, 1857, 1947, 1953, 1956, 1969 చంద్రుడి మీద అడుగు, ఇలాంటివి. కొత్త ప్రశ్న వచ్చినప్పుడు ఇది ఆ మేకుకి ముందా వెనకా అని చూస్తే చాలు, సగం దూరం వచ్చేసినట్టే.

5. మనుషుల్ని అడగండి

గూగుల్ వద్దు అన్నాం కానీ మనుషుల్ని అడగడం తప్పు కాదు, అసలు అడగాలి. లైన్‌లో మాత్రం ఫలానా వాళ్ళు చెప్పారని రాయాలి. మా ఇంట్లో నాయనమ్మ ఫోన్ వాడదు, ఆవిడకి ఈ గ్రూపు సంగతే పట్టదు, అలాంటిది ఒక వారం కుంచానికి ఎన్ని సోలలు అనే ప్రశ్న వచ్చింది. మేమంతా కొలతలంటే లీటర్లూ కేజీలూ తెలిసినవాళ్ళం. మా అమ్మ వెళ్ళి అడిగితే నాయనమ్మ మంచం మీంచి లేచి అటక కింద బియ్యం డబ్బాలోంచి పాత ఇత్తడి సోల తీసింది, అంచు కొంచెం సొట్టపోయింది, దానితో ఇప్పటికీ బియ్యం కొలుస్తుందట, మాకే తెలీదు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం అని వేళ్ళు మడిచి చెప్పింది. రెండు, నాలుగు, పదహారు. పదహారు సోలలు. ప్రాంతాన్ని బట్టి ఈ కొలతలు కొంచెం అటూఇటూ ఉంటాయి, మా గోదావరి జిల్లా లెక్క మాత్రం ఇదీ. ఆ రోజు నుంచి ఆదివారం రాత్రి నాయనమ్మకి ప్రశ్నలన్నీ చదివి వినిపించడం నా పని, ఆవిడ కళ్ళు మూసుకుని వింటుంది, పదింట్లో ఒకటో రెండో ఎప్పుడూ ఆవిడవే.

మీ ఇంట్లో కూడా ఉంటారు. రైల్వేలో చేసిన మావయ్య ఉంటే స్టేషన్ల ప్రశ్న ఆయనది, బ్యాంకులో చేసిన అక్క ఉంటే నోట్ల ప్రశ్న ఆవిడది, పొలం చేసేవాళ్ళుంటే కార్తెలూ విత్తనాలూ వాళ్ళవి. అడిగి చూడండి, ఎవరికి ఏం తెలుసో మనకి ఇన్నాళ్ళూ తెలీదని అర్థమవుతుంది.

6. పంపేశాకే చెక్ చేసుకోండి, సరిగ్గా చెక్ చేసుకోండి

జవాబులు వెళ్ళిపోయాక ఇంక గూగుల్ మీ ఇష్టం. కానీ మొదట కనిపించినదే నిజం అనుకోవద్దు. ఏఐ చాట్‌లు కూడా తప్పుని చాలా ధీమాగా చెప్తాయి, రెండు చోట్ల సరిపోల్చాకే నమ్మండి, సర్కారు లెక్క అయితే సర్కారు సైట్‌లో, రాకెట్ సంగతి అయితే ఇస్రో సైట్‌లో చూడండి.

ముఖ్యంగా మూడు రకాల జవాబులతో జాగ్రత్త. ఒకటి, ఫార్వర్డ్‌లు. మన జాతీయగీతాన్ని యునెస్కో ప్రపంచంలోనే బెస్ట్ అని ప్రకటించిందని ఏళ్ళ తరబడి తిరుగుతున్న మెసేజ్ ఉంది కదా, యునెస్కో అలా ఎప్పుడూ ప్రకటించలేదు. రెండు, చిన్నప్పటి నుంచీ అందరూ చెప్పేవి. మన జాతీయ క్రీడ హాకీ అని మనందరం రాశాం, మార్కులు కూడా పడ్డాయి, కానీ 2012లో ఆర్టీఐ కింద అడిగితే ఏ ఆటనీ జాతీయ క్రీడగా ప్రకటించలేదని కేంద్రమే చెప్పింది. ఈ జవాబు వచ్చిన రోజు మా గ్రూపులో పెద్ద గొడవ, బాబాయ్ కూడా ఇన్నేళ్ళూ పిల్లలకి హాకీ అనే చెప్పానని చాలా బాధపడ్డాడు, తర్వాత వారం ఆయనే తన పాత స్టూడెంట్ల గ్రూపులో దాన్ని దిద్ది పెట్టాడు.

మూడోది, మారిపోయే జవాబులు. తెలంగాణలో జిల్లాలెన్ని అంటే 2014లో 10, 2016 దసరాకి 31, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిశాక 33. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి, ఇలాంటివి పాత గైడ్ చూసి రాయకండి, ఆ వారం ఎంతో చూసుకోండి. ఎవరెస్ట్ ఎత్తు మనం చదువుకున్నప్పుడు 8848 మీటర్లు, 2020 డిసెంబరులో నేపాల్, చైనా కలిసి 8848.86 అని చెప్పాయి. చందమామలు ఎక్కువ ఉన్న గ్రహం గురుడా శనా అన్నది కూడా మారుతూ వచ్చింది, 2025 మార్చిలో ఒకేసారి 128 కొత్త చందమామల్ని గుర్తించడంతో శని లెక్క 274కి చేరింది. చరిత్రలో అయిపోయిన సంగతులు కూడా మారతాయి సుమా, తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1931లో వచ్చిందని చాలా ఏళ్ళు అందరూ రాశారు, తర్వాత పాత కాగితాలు తవ్వి తీస్తే రిలీజైంది 1932 ఫిబ్రవరి 6 అని తేలింది. కాబట్టి పెద్దాయన 1931 అన్నాడంటే ఆయన తప్పు కాదు, ఆయన చదివిన పుస్తకంలో అలాగే ఉంది, మెల్లగా చెప్పండి.

7. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి

రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ చాలు. జవాబులు మాత్రమే రాస్తే అది గైడ్ అయిపోతుంది, ఎవరూ మళ్ళీ తెరవరు. జవాబుతో పాటు అది మీకు ఎక్కడ తగిలిందో, దేనితో ముడిపడిందో రాయండి. నా నోట్‌బుక్‌లో ఒక పేజీ ఇలా ఉంటుంది: యల్లాప్రగడ సుబ్బారావు, 1895, భీమవరంలో పుట్టాడు, అమ్మమ్మగారి ఊరు కూడా అదే, శరీరంలో శక్తిని మోసే ఏటీపీ మీద ఫిస్కే అనే సైంటిస్టుతో కలిసి పని చేశాడు, మెథోట్రెక్సేట్ మందు వెనక ఉన్నదీ ఆయనే, పెద్దమ్మ కీళ్ళవాతానికి వేసుకునే మాత్ర అదే. ఆ చివరి ముక్క రాశాక ఆ పేరు మళ్ళీ మర్చిపోయే ప్రసక్తే లేదు. పెద్దమ్మకి చెప్తే మందుల డబ్బా తెచ్చి స్ట్రిప్ మీద పేరు కూడబలుక్కుని చదివి, ఇది మన భీమవరం ఆయనదా అని ఎంతసేపు చూసుకుందో.

ఇంకో పేజీ మదనపల్లె. టొమాటో మార్కెట్ అని మాత్రమే తెలిసిన ఊరు, 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడ ఉన్నప్పుడే జనగణమనని ఇంగ్లీషులోకి మార్చాడు. ఇలా ఊళ్ళ పేర్లతో రాసుకుంటే బస్సులో వెళ్తూ బోర్డు చూసినప్పుడల్లా రివిజన్ అయిపోతుంది.

8. మీ వంతు వచ్చినప్పుడు ప్రశ్నలు ఇలా తయారు చెయ్యండి

మా ఇంట్లో ఇప్పుడు నెలకి రెండు వారాలు బాబాయ్, మిగతా వారాలు మేం వంతులు. అడగడం చెప్పడంకన్నా కష్టం, కానీ అడగడం మొదలెట్టాకే జవాబులు చెప్పడం బాగా వస్తుంది, ఎందుకంటే క్లూ ఎక్కడ దాస్తారో మనకి తెలుస్తుంది కాబట్టి.

రామప్ప గుడి ఏ సంవత్సరంలో కట్టారు అని అడిగారనుకోండి, తెలిసినవాడు 1213 అంటాడు, తెలియనివాడు గుడ్లు తేలేస్తాడు, ఇద్దరికీ చెయ్యడానికి ఏమీ లేదు. అదే ప్రశ్నని ఇలా అడగండి: మన గుళ్ళకి మామూలుగా దేవుడి పేరో ఊరి పేరో ఉంటుంది, కాకతీయుల కాలంలో కట్టిన ఒక గుడికి మాత్రం చెక్కిన శిల్పి పేరే నిలిచిపోయిందని చెప్తారు, 2021లో యునెస్కో జాబితాలోకి వెళ్ళింది, ఏ గుడి? ఇప్పుడు వరంగల్ వెళ్ళొచ్చినవాడు ఒక వైపు నుంచి వస్తాడు, పేపర్ చదివేవాడు ఇంకో వైపు నుంచి వస్తాడు, ఏమీ తెలియనివాడు కూడా కాకతీయులు అనే మాట పట్టుకుని ఊహిస్తాడు. జవాబు విన్నాక అరె, నాకు తట్టాల్సిందే అనిపించాలి. అలా అనిపిస్తే ప్రశ్న బాగున్నట్టు.

పదింట్లో రెండు పిల్లలకి, రెండు పెద్దవాళ్ళకి, ఒకటి ఆ వారం పేపర్లో వచ్చినది, ఒకటి వంటింట్లోంచి, సినిమాలూ క్రికెట్టూ కలిపి రెండు మించకుండా. జవాబు ఒక్కటే ఉండేలా ముందే చూసుకోండి, రెండు జవాబులు కుదిరే ప్రశ్న పెడితే గురువారం అంతా గొడవే. గొడవ వస్తే ఇద్దరూ ఆధారం చూపించాలి, చూపించలేకపోతే ప్రశ్న పెట్టినవాళ్ళ మాటే చెల్లుతుంది, ఆ రాత్రితో ఆ ప్రశ్న మూసెయ్యాలి. పిల్లలు పంపిన లైన్లు మాత్రం గురువారం గ్రూపులో అందరికీ చదివి వినిపించండి, వాయిస్ మెసేజ్ పెడితే ఇంకా మంచిది, మా మేనకోడలు దోమల ప్రశ్న తర్వాత ఒక్క వారం కూడా మానలేదు.

ఇంక మీరు ఈ ఆదివారమే మొదలెట్టండి, మొదటి ప్రశ్న నేనిస్తాను. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు రాజధాని కర్నూలు అని పైన చెప్పుకున్నాం. మరి హైకోర్టు ఏ ఊళ్ళో పెట్టారు? క్లూ ఏంటంటే, 1937లో కోస్తా వాళ్ళూ రాయలసీమ వాళ్ళూ కలిసి మద్రాసులో శ్రీబాగ్ అనే ఇంట్లో ఒక ఒప్పందం చేసుకున్నారు, రాజధాని, హైకోర్టు రెండూ ఒకే వైపుకి పోకూడదనేది అందులో మాట. ఫోన్ బోర్లా పెట్టి, కాగితం మీద ఊరి పేరు రాసి, పక్కన ఒక లైన్ రాయండి.